ఇరవై ఒక్క అడుగులు

మా బాబాయ్‌కి కురుపాం మార్కెట్ దగ్గర చిన్న బంగారం కొట్టు ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి, తాళం మూడుసార్లు లాగి చూసుకుని, సంచి చంకన పెట్టుకుని బురుజుపేట వైపు ఇంటికి నడిచొస్తాడు. పోయిన శ్రావణంలో ఒక రాత్రి, ఇల్లు ఇంకో రెండు గుమ్మాల దూరం ఉందనగా ఎవడో వెనకనుంచి సంచి లాగాడు. బాబాయ్ వదల్లేదు. ఇద్దరూ కిందపడ్డారు. వాడు లేచి సంచితో పరుగెత్తాడు. అందులో ఉన్నవి ఖాళీ టిఫిన్ క్యారేజీ, ఒక పాత ఖాతా పుస్తకం. డబ్బు బనీను జేబులో ఉంది. ఆ సంగతి తెలిసి మేమంతా నవ్వాం. బాబాయ్ నవ్వలేదు. మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి. నెలరోజులపాటు వెనక్కి తిరిగి చూసుకోకుండా పది అడుగులు వెయ్యలేకపోయాడు.

వారం తిరక్కుండా ఒకటే మాట మొదలెట్టాడు: "రివాల్వర్ లైసెన్స్‌కి పెడతాను." దానికి మార్కెట్లో తెలిసినాయన ఒకడు, "లైసెన్స్ దేనికండీ, నెలలు తిరగాలి. బయట్నించి ఒకటి తెప్పిస్తాను," అన్నాడట. పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి, "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదరా, ఆయన నీ మాట వింటారు. ఏదో ఒకటి చెప్పు," అంది.

నేను మెకానికల్ థర్డ్ ఇయర్. తుపాకుల గురించి నాకు తెలిసింది సినిమాలు, పబ్‌జీ, ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ 22 రైఫిల్‌తో పేల్చిన ఐదు రౌండ్లు. అంతే. అందుకే రెండు నెలలు కూర్చుని చదివాను. సందులో ఒక పిచ్చి ప్రయోగం కూడా చేశాను. మన క్లబ్ ఎడిటర్ "అదే రాయరా" అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

దూరం

యూట్యూబ్‌లో "సెల్ఫ్ డిఫెన్స్ పిస్టల్" అని కొడితే వందల వీడియోలు వస్తాయి. కాగితం బొమ్మ మీద మూడు గజాల నుంచి టపాటపా కాలుస్తుంటారు. చూస్తే చాలా ఈజీగా ఉంటుంది. ఆ బొమ్మ కదలదు, మన మీదకి రాదు అన్న సంగతి మాత్రం ఆ వీడియోలో మనకి తట్టదు.

అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసుల దగ్గర డెనిస్ ట్యూలర్ అని ఒక ట్రైనర్ ఉండేవాడు. కత్తి పట్టుకున్నవాడు ఎంత దూరంలో ఉంటే ప్రమాదం అన్నది అతని ప్రశ్న. మనుషుల్ని పరుగెత్తించి టైమ్ చూశాడు. మామూలు మనిషి 21 అడుగులు సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తున్నాడు. బాగా ప్రాక్టీస్ ఉన్నవాడు నడుము దగ్గరి ఒరలోంచి పిస్టల్ తీసి కాల్చడానికి కూడా ఇంచుమించు అంతే పడుతోంది. 1983లో ఒక పత్రికలో ఇది రాశాడు. తర్వాత జనం దీన్ని "21 అడుగుల రూల్" అనేశారు. ఆ దూరం లోపలికి వస్తే కాల్చెయ్యొచ్చని ఆయన చెప్పలేదు. ప్రమాదాన్ని ముందే గుర్తుపట్టు, ఏదైనా అడ్డం చూసుకో, అవకాశం ఉంటే వెనక్కి తగ్గు అని చెప్పాడు. రూల్ అన్నవాళ్లంతా ఆ భాగం వదిలేశారు.

21 అడుగులంటే 6.4 మీటర్లు. ఒకటిన్నర సెకనులో దాటాలంటే సగటు వేగం సెకనుకి 4.3 మీటర్లు కూడా లేదు. ఒలింపిక్ పరుగేం కాదు, బస్సు కోసం మనం పరుగెత్తే పరుగే.

నమ్మకం కుదరక మా సందులోనే చేసి చూశాం. పరుగెత్తేవాడు ఈసీఈ ఫ్రెండ్. పిస్టల్ బదులు పిన్ని టీవీ రిమోట్. (బొమ్మ తుపాకీ మాత్రం వీధిలో వాడకండి. దూరంనుంచి చూసేవాళ్లకి అది బొమ్మని తెలియదు.) చొక్కా కింద నడుము దగ్గర రిమోట్ దోపుకుని, వాడు కదిలాక తీసి, గురిపెట్టి, బటన్ నొక్కాలి. ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టాం. వాడు దాటింది 408 ఫ్రేముల్లో, అంటే 1.7 సెకన్లు. నేను మొదటిసారి తీసుకుంది 2.6. చొక్కా అంచు రిమోట్‌కి చుట్టుకుంది. వాడు నా గుండె మీద చెయ్యి వేసి, "అయిపోయావ్ మావా" అన్నాడు. పది రోజులు రోజుకి యాభైసార్లు చేశాక 1.8కి వచ్చాను. అప్పటికీ నేనే ఆలస్యం. పైగా వాడు వస్తాడని నాకు ముందే తెలుసు.

అసలు తెలివి తెచ్చుకున్నది టేపు పరిచినప్పుడు. మా సందు వెడల్పు ఏడు అడుగులు. బండి ఎదురొస్తే గుమ్మంలోకి ఎక్కి నిలబడాలి. కొట్టు నుంచి ఇంటి దాకా బాబాయ్ నడిచే దారిలో సందులన్నీ కొలిచాం. మలుపులు, మెట్లు, ఆపి ఉన్న బళ్లు, ఆరేసిన దుప్పట్లు పోగా, ముందుకి ఇరవై ఒక్క అడుగులు తేటగా కనిపించే చోట్లు మూడే దొరికాయి. మిగతా అంతా మనిషి కనిపించేసరికే ఆరేడు అడుగుల్లో ఉంటాడు. బాబాయ్ కేసులోనైతే దూరం సున్నా. వెనకనుంచి వచ్చాడు.

దగ్గర అంటే ఏమిటి

ఆరేడు అడుగుల్లో పిస్టల్ ఎలా వాడాలన్నది కొత్త ప్రశ్న కాదు. వంద ఏళ్ల క్రితం దీని మీద తల బద్దలుకొట్టుకున్నది కూడా మనలాంటి ఒక రేవు పట్నమే, షాంఘై. అక్కడి మునిసిపల్ పోలీసులో విలియం ఫెయిర్‌బెర్న్ 1907లో చేరాడు. కుర్రతనంలో డ్యూటీ మీద ఉండగా గ్యాంగ్ చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత తోటి అధికారి ఎరిక్ సైక్స్‌తో కలిసి ట్రైనింగ్ మొత్తం మార్చేశాడు. ఇద్దరూ 1942లో వేసిన చిన్న పుస్తకంలో సారాంశం ఇది: నిజమైన కాల్పులు చీకట్లో, ఇరుకులో, కొన్ని అడుగుల దూరంలో, కొన్ని సెకన్లలో అయిపోతాయి. నింపాదిగా గురి చూసుకునే టైమ్ ఉండదు. అందుకని వాళ్ల మనుషుల్ని వెలుగు తక్కువ ఉన్న గదుల్లో, మెట్ల మీద, ఉన్నట్టుండి లేచే బొమ్మల మీద ప్రాక్టీస్ చేయించారు.

ఇందులో మెకానిక్స్ మనకి నచ్చేలా ఉంటుంది. పిస్టల్ మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకోండి. ముందు సైటు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే, సరూప త్రిభుజాల లెక్కన 3 మీటర్ల దగ్గర తూటా 20 మిల్లీమీటర్లు తప్పుతుంది. 10 మీటర్ల దగ్గర 67. 25 మీటర్ల దగ్గర 167. అంటే మూడు మీటర్లలో సైటు కాస్త అటూఇటూ అయినా పెద్ద తేడా రాదు. అక్కడ కొంప ముంచేది వేలు. డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్ నాలుగైదు కిలోల బరువు లాగుతుంది. తుపాకీ బరువేమో అరకిలో నుంచి కిలో. భయంతో వేలు గుంజితే తుపాకీ మొత్తం వంగిపోతుంది, అది ఒక మిల్లీమీటరుతో ఆగదు. కోచ్‌లు ఖాళీ తుపాకీతో వేలసార్లు ట్రిగ్గర్ నొక్కించేది ఇందుకే.

ఇంకా దగ్గరైతే, అంటే చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరైతే, సినిమాలోలా రెండు చేతులూ చాచి నిలబడటం తప్పు. తుపాకీ ఎదుటివాడి చేతికి అందుతుంది. అందుకే ట్రైనర్లు తుపాకీని డొక్కకి దగ్గరగా ఉంచమంటారు, రెండో చేత్తో తలనీ మెడనీ కాచుకోమంటారు. రివాల్వర్‌లో గుండ్లు ఉండే సిలిండర్‌ని ఎవడైనా గట్టిగా పట్టుకుంటే అది తిరగదు, తిరక్కపోతే పేలకపోవచ్చు. ఆటోమేటిక్ పిస్టల్ గొట్టాన్ని ఒంటికి గట్టిగా అదిమితే స్లైడ్ వెనక్కి జరిగి అదీ పేలకపోవచ్చు. లక్ష రూపాయలు పోసి కొన్న వస్తువు, సరిగ్గా బాబాయ్‌కి జరిగినలాంటి పెనుగులాటలో, ఇనప ముద్దగా మారిపోతుందన్నమాట. లేదంటే వాడి చేతిలోకి పోతుంది.

ఇదంతా చెబుతుంటే బాబాయ్, "నేనూ నేర్చుకుంటాను, పోలీసులు నేర్చుకోలేదేటి?" అన్నాడు.

నేర్చుకున్నారు. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ సంస్థ 2008లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. 1998 నుంచి 2006 వరకు, ఎదుటివాడు కూడా కాల్పులు జరిపిన సందర్భాల్లో పోలీసుల తూటాల్లో తగిలినవి సగటున 18 శాతం. జీతం ఇచ్చి, ప్రతి ఏడాదీ ట్రైనింగ్ ఇచ్చి, క్వాలిఫై చేయించినవాళ్ల లెక్క ఇది. వందలో 82 ఇంకెక్కడికో వెళ్లాయి.

ఎక్కడికి?

మా సందులో అయితే ఎక్కడికో నేను చెప్పగలను. ఎడమపక్క మొదటి గుమ్మంలో ఒక మామ్మగారు రాత్రి పదింటిదాకా అరుగు మీద కూర్చుని తమలపాకులు నములుతుంటారు. ఎదురుగా ఇంట్లో టెన్త్ క్లాస్ పిల్ల కిటికీ దగ్గర చదువుకుంటుంది. కొన్ని ఇళ్లకి తలుపులు చెక్కవి, కొన్నింటికి కర్టెనే తలుపు. మార్గశిరం గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడి క్యూ మా వీధుల్లోంచి పాములా సాగుతుంది, అర్ధరాత్రి నుంచే జనం. తుపాకీ చేతపట్టేవాళ్లకి ప్రపంచమంతా నేర్పే నాలుగు సేఫ్టీ సూత్రాలున్నాయి. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో. కాల్చకూడని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. నాలుగోది: లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. వన్ టౌన్‌లో ఆ నాలుగో సూత్రాన్ని పాటించి కాల్చగలిగే చోటు నాకు సముద్రం వైపు తప్ప కనపడలేదు.

చట్టం

ఇక్కడ నేను లా స్టూడెంట్‌ని కాదు, చదివింది చెబుతున్నా. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106 అదే. "ఇండియాలో దొంగని కొడితే మనమీదే కేసు" అని హాస్టల్లో అందరూ అంటుంటారు గానీ, చట్టం మనం అనుకునేంత పిరికిది కాదు. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో న్యాయమైన భయం కలిగితే, ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళ్లొచ్చని 38 చెబుతుంది. రేప్, కిడ్నాప్, యాసిడ్ దాడి ప్రయత్నాలూ అందులో ఉన్నాయి. దోపిడీకి 41 ఉంది. 2010లో పంజాబ్ దర్శన్ సింగ్ కేసులో హైకోర్టు వేసిన శిక్షని సుప్రీంకోర్టు కొట్టేసి, ఆత్మరక్షణే అని ఒప్పుకుంది. అక్కడ వాడింది లైసెన్స్ తుపాకీ.

కానీ 37 చూడండి. పోలీసుల సాయం తీసుకునే టైమ్ ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. కత్తి చూపించి సంచి అడిగిన క్షణం వేరు, సంచి పట్టుకుని వెనక్కి తిరిగి పరుగెత్తే క్షణం వేరు. ఈ రెండింటికీ మధ్య మా సందులో రెండు సెకన్లు కూడా ఉండవు. మొదటి క్షణంలో చెయ్యి నడుము మీదకి పోయి, రెండో క్షణంలో పేలితే తూటా వీపులో తగులుతుంది. వీపులో తగిలిన తూటాకి కోర్టులో సమాధానం చెప్పుకోవాల్సింది బాబాయే.

నన్ను ఆపేసింది మాత్రం 44. దాని కింద ఒక ఉదాహరణ ఇచ్చారు, 1860 నాటి ఐపీసీలోదే. ఒకడిని చంపడానికి గుంపు మీద పడింది. కాల్చకుండా తప్పించుకోలేడు. గుంపులో చిన్నపిల్లలు కలిసిపోయి ఉన్నారు. వాడు కాల్చినప్పుడు ఆ పిల్లల్లో ఎవరికైనా హాని జరిగినా వాడు నేరం చేసినట్టు కాదు. భోజనాల దగ్గర ఇది చదివి వినిపించాను. బాబాయ్ ఏం మాట్లాడలేదు. పిన్ని గరిట పక్కన పెట్టి, "నేరం కాదంటే సరిపోద్దా? తెల్లారితే ఆ పిల్లల తల్లి మన గుమ్మం ముందునించే కదా నీళ్లకెళ్లేది," అంది. నా రెండు నెలల చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

లైసెన్సు, లైసెన్సు లేనిది

"బయట్నించి తెప్పిస్తాను" అన్నాయన సంగతి ముందు తేల్చాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేని తుపాకీ దగ్గర ఉండటమే నేరం. 2019 సవరణ తర్వాత సాధారణంగా కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్ల జైలు, పైన జరిమానా. వాడక్కర్లేదు, సొరుగులో ఉంటే చాలు. నాటు తుపాకీ గొట్టం ఏ ఇనుముతో చేశారో, హీట్ ట్రీట్‌మెంట్ చేశారో లేదో ఎవరికీ తెలియదు. మెటీరియల్ సైన్స్ ల్యాబ్‌లో ఒక్క టెన్సైల్ టెస్ట్ చూసినవాడు ఎవడూ అలాంటి గొట్టం మొహానికి దగ్గరగా పెట్టుకుని పేల్చడు.

సక్రమంగా వెళితే, మనది కమిషనరేట్ కాబట్టి దరఖాస్తు పోలీస్ కమిషనర్ దగ్గరికి వెళ్తుంది. 21 ఏళ్లు నిండాలి. ప్రాణభయం ఎందుకో చూపించాలి, పోలీస్ విచారణ ఉంటుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం సేఫ్టీ ట్రైనింగ్ కోర్సు కూడా పూర్తిచెయ్యాలి. ఇచ్చినా ఐదేళ్లకే, తర్వాత రెన్యూవల్. ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యమనొచ్చు. ఇక ఖర్చు. ఢిల్లీ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమని "నిర్భీక్" అనే పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. అరకిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. ఆ ధర చూసి అప్పట్లోనే చాలామంది అడిగారు, రాత్రి బస్సెక్కే అమ్మాయి దగ్గర అంత డబ్బుంటుందా అని. న్యాయమైన ప్రశ్న.

ఇక్కడ నేర్చుకోగలిగింది

ఇంతా రాసి "తుపాకీ వద్దు" అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. పిస్టల్ పట్టడం నేర్చుకోవాలని ఉంటే మనకి దారి ఉంది, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్. 20 జౌళ్లు దాటని, పాయింట్ 177 బోర్ మించని ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. లెక్క వేసుకోండి: అరగ్రాము పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో వెళితే సుమారు 5.6 జౌళ్లు. ఒక చేత్తోనే పట్టుకోవాలి, ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు, టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 18 ఏళ్ల వయసులో 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు తెచ్చింది, అందులో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం ఒకటి.

ఇది ఆత్మరక్షణ కాదు, ఆట. కలిపి చూడొద్దు. ఆదివారాలు నేను ఒక రేంజ్‌కి వెళుతున్నాను. అక్కడ కోచ్ మొదటి మూడు వారాలు పెల్లెట్ ఇవ్వలేదు. ఖాళీ పిస్టల్‌తో తెల్ల గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కమన్నాడు. గోడ ఎందుకంటే, లక్ష్యం కనిపిస్తే కన్ను దానివైపు పరుగెడుతుందట. గురి బాగోలేదనిపిస్తే కాల్చకుండా చెయ్యి దించెయ్యడం అక్కడ పెద్ద విద్య. నాకు ఇంకా రాలేదు. ఎత్తిన చెయ్యి దించడానికి ఎందుకో సిగ్గేస్తుంది.

సందులో పనికొచ్చేవి వేరే ఉన్నాయి, వాటికి ఏ పిస్టలూ అక్కర్లేదు. మలుపు తిరిగేటప్పుడు గోడకి ఆనుకుని తిరక్కుండా, అవతలి గోడ వైపు నుంచి వెడల్పుగా తిరగాలి. పోలీసులు గదుల్లోకి వెళ్లేటప్పుడు చేసేదీ ఇదే. మలుపు వెనక ఉన్నవాడు రెండు మూడు అడుగులు ముందే కనిపిస్తాడు. కొలిచి చూశాం, మా మలుపు దగ్గర నాలుగు అడుగులు లాభం. ఎవడైనా మీదకి దూసుకొస్తే నేరుగా వెనక్కి కాదు, పక్కకి అడుగు వెయ్యాలి. వెనక్కి నడిస్తే మెట్టు తగిలి పడతాం. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే. గొంతు వాడాలి: "ఆగు, దగ్గరికి రాకు" అని గట్టిగా అరవడం సిగ్గుపడకుండా ప్రాక్టీస్ చెయ్యాలి. మేం చేస్తే మామ్మగారు కర్ర పట్టుకుని బయటికొచ్చారు. అంటే పనిచేసినట్టే. 112 స్పీడ్ డయల్‌లో పెట్టాలి. సంచి లాగితే వదిలెయ్యాలి. ఈ చివరిది బాబాయ్‌కి ఒప్పించడానికి అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది.

ఇప్పుడాయన ఆ రోజు డబ్బు మధ్యాహ్నమే బ్యాంకులో కట్టేస్తున్నాడు. పక్క కొట్ల వాళ్లు ఇద్దరితో కలిసి షట్టర్ దించి, ముగ్గురూ పెద్ద వీధి మీదుగా నడిచొస్తున్నారు, ఆరు నిమిషాలు ఎక్కువ. మలుపు దగ్గర లైటు కోసం సచివాలయంలో అర్జీ పెట్టాం, వెలిగింది. "బయట్నించి తెప్పిస్తాను" అన్నాయన మళ్లీ వస్తే టీ ఇచ్చి పంపేశాడు. లైసెన్స్ దరఖాస్తు ప్రింటవుట్ మాత్రం కొట్టు సొరుగులోనే ఉంది. పెడతాడో మానతాడో ఆయనిష్టం, నేను అడగలేదు. పోయిన ఆదివారం నాతో రేంజ్‌కి వచ్చాడు. పది షాట్లకి 43 వచ్చింది. రెండుసార్లు చెయ్యి ఎత్తి, కాల్చకుండా దించాడు.